కాలేయం పరీక్షలో బయటపడ్డ ఇనుము

దుబ్రావ్కా అక్కా, నేను బాగున్నాను, బెంగ వద్దు.

కాలేయం ఎంజైములు మూడోసారీ కాస్త ఎక్కువే వచ్చాయి. "చాటుగా తాగుతున్నావు, నాకు తెలీదా?" అని నా భార్య నేదా గొడవ. ఈస్టరు నుంచి రకియా చుక్క ముట్టలేదంటే కొత్త డాక్టరమ్మ ఒక్కరే నమ్మారు! "మీ నాన్నగారికి ఏం జబ్బులుండేవండీ?" అని అడిగారు. చక్కెర జబ్బు, కీళ్ళనొప్పులు, కంచురంగు తిరిగిన ఒళ్ళు అన్నాను. వెంటనే ఇనుము పరీక్ష, ఆపైన జన్యు పరీక్ష చేయించారు. దొరికిందక్కా! ఒంట్లో ఇనుము పేరుకుపోయే జబ్బట. కాలేయం ఇంకా చెడలేదు, ఇనుము తగ్గడానికి ప్రస్తుతానికి వారం వారం కాస్త రక్తం తీసేస్తే చాలట! నేదా ఏడ్చేసింది.

ఇది తోబుట్టువులకూ ఉండొచ్చట. నువ్వు ఈ వారమే పరీక్ష చేయించుకో. అమ్మ మోకాలెలా ఉంది? అంజూరాలు ఎండబెట్టారా? పిల్లలకు ముద్దులు.

కాలేయం చెడిన నాన్నను పోయేదాకా తాగుబోతన్నాం. ఆదివారం ఆయన సమాధి మీద నా పేరున పూలు పెట్టు.

నీ తమ్ముడు తిహోమిర్