పాత కంప్యూటర్లో మీ అక్క ఊరు

బావమరిదికి,

కొత్త కంప్యూటర్ కొనిపెడతానన్నావు. వద్దు. ఫోన్లో చెబుదామంటే ఇద్దరం మధ్యలో ఆగిపోతున్నాం, అందుకే ఉత్తరం.

పాతది పనిచేస్తోంది. స్విచ్ వేశాక తెర వెలిగేలోగా పళ్లు తోముకుని రావచ్చు. ఫ్యాన్ గోల చేస్తే డబ్బాకి కుడివైపు ఒక దెబ్బ వేయాలి. ఎడమవైపు వేస్తే మొత్తం ఆగిపోతుంది. చదరంగం ఉంది. అది ఒక ఎత్తు ఆలోచించేలోగా నేను బట్టలు ఆరేసి వస్తాను. ఎవరికీ తొందర లేదు.

మీ అక్క ఆడుకునే ఆట కూడా ఉంది. ఊరు కట్టే ఆట. రోడ్లు వేయాలి, ఇళ్లు కట్టాలి, మనుషుల్ని దింపాలి. మనుషులు గోరంత ఉంటారు. వాళ్లకి ఆవిడ మనకి తెలిసినవాళ్ల పేర్లు పెట్టుకుంది. తమ్ముడు, పెద్దత్త, పాత వీధిలోని పాలవాడు, అక్కడి ఎదురింటి టైలర్. వాళ్లు పనికి వెళ్తారు, తగువులాడుకుంటారు, ముసలివాళ్లవుతారు, పోతారు. ఆవిడ వెళ్లిపోయాక ఆ ఊరు నేను చూసుకుంటున్నాను. కొత్త కంప్యూటర్లలో ఈ ఆట నడవదని మెకానిక్ చెప్పాడు.

ఊళ్లో అందరూ ఉన్నారు. నేను లేను. సందుసందూ వెతుకుతున్నాను. యంత్రం ఆగిపోయేలోగా నన్నెక్కడ పెట్టిందో తెలియాలి. అంతే.

ఉంటాను,
బావ

తా.క. మీ పెద్దత్త నిన్న పోయింది. వయసైపోయింది. ఆ స్థలంలో కోళ్ల షెడ్డు వేశాను.

*

బావగారికి నమస్కారాలు.

మేమంతా బాగున్నాం. పెద్దత్త కూడా బాగుంది. ఆ మాట ముందుగా రాయాల్సి వచ్చింది.

మీ ఉత్తరం మా ఆవిడ చేతిలో పడింది. మీ ఉత్తరాల పైభాగం కరెంటు బిల్లులా ఉంటుందని ఆవిడ ఎప్పుడూ తా.క. మాత్రమే చదువుతుంది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇంట్లో ఏడుపులు. బంధువులందరికీ ఫోన్లు కూడా వెళ్లిపోయాయి. పిన్ని కూతురు దుఃఖం ఆపుకోలేక నేరుగా పెద్దత్త ఇంటికే ఫోన్ చేసి వెక్కివెక్కి ఏడ్చింది. ఎత్తింది పెద్దత్తే. ఎవరు పోయారో అడిగే ధైర్యం లేక తనూ ఏడ్చి, చీర మార్చుకుని, బయల్దేరడానికి గుమ్మంలో కూర్చుంది. చివరిచూపుకి వచ్చినవాళ్లకి మంచినీళ్లు ఇచ్చి, ఇంతకీ మనం ఎవరింటికి వెళ్లాలని అడిగిందట.

సంగతి తెలిశాక పెద్దత్తకి చావు మీద కోపం లేదు. కోళ్ల మీద ఉంది. మనిషి వెళ్లిన మర్నాడే షెడ్డు వేస్తారా, వెంటనే మళ్లీ బతికించమను అంటోంది.

బావగారూ, ఇది మీకు మంచిది కాదని అందరూ అంటున్నారు. ఒక్కరే గదిలో కూర్చుని, గోరంత మనుషుల మధ్య మిమ్మల్ని మీరు వెతుక్కోవడం ఏమిటి? ఆదివారం వస్తాను. కొత్త కంప్యూటర్ తెచ్చి పెట్టి, పాతది తీసుకెళ్లిపోతాను. కాదనకండి.

మీ మంచి కోరే
బావమరిది

తా.క. ఆ ఊళ్లో నా సంగతేమిటి? ఊరికే అడుగుతున్నాను.

*

బావమరిదికి,

ఆదివారం వస్తే ఒట్టి చేతులతో రా. వెళ్లేటప్పుడు కూడా అలాగే వెళ్లు.

పెద్దత్తను బతికించాను. మీ అక్క చివరిసారి సేవ్ చేసిన ఊరు అలాగే ఉంది, అది తెరిచాను. కోళ్ల షెడ్డు పోయింది. నేను వేసిన రోడ్లూ పోయాయి. ఫర్వాలేదు, వంకరగా వేశాను. పెద్దత్త గుమ్మంలో నిలబడి టైలర్‌తో తగువాడుతోందని ఆవిడకి చెప్పు.

మంచిదో కాదో నాకు తెలీదు. ముందు గదిలో ఈ యంత్రం మోగుతుంటే వంటగదిలోకి వినపడుతుంది. అది ఆగితే ఏమీ వినపడదు.

ఊరంతా మళ్లీ మొదటినుంచి వెతికాను. మనిషి మీద బాణం గుర్తు పెడితే పేరు వస్తుంది. నేను నడిపిన ఊళ్లో నేనూ వయసైపోయి పోయానేమో, గమనించలేదేమో అనుకున్నాను. కాదు. ఆవిడ సేవ్ చేసిన ఊళ్లోనూ లేను. మన ఇంటికి రంగులు వేసిన మనిషి ఉన్నాడు. కుక్క ఉంది. మన కుక్క కూడా కాదు. మీ అక్క మరిచిపోయే మనిషి కాదు. నీకేమైనా చెప్పిందా? చెప్పి ఉంటే రాయి. నొచ్చుకోను.

మెకానిక్ మళ్లీ వచ్చి చూశాడు. రేపు ఆగిపోవచ్చు, వచ్చే ఏడాదైనా ఆగిపోవచ్చు అన్నాడు. ఇలాంటి మాట ఇంతకుముందు ఆసుపత్రిలో విన్నాను.

ఇక ఇంతే,
బావ

తా.క. అడిగావు కాబట్టి రాస్తున్నాను. నువ్వు ఆఫీసుకి వెళ్లడం లేదు. పొద్దున్నే ఇంట్లోంచి బయల్దేరి, రోజంతా పార్కులో బెంచీ మీద ఉంటున్నావు.

*

బావగారికి,

మీ ఉత్తరం మళ్లీ మా ఆవిడకే దొరికింది. ఈసారి పైనుంచి చదవమని ముందే చెప్పి ఉంచాను. ఒట్టి చేతుల దాకా చదివి, విసుగొచ్చి కిందికి దిగిపోయిందట. చెప్పులేసుకుని నేరుగా మా ఆఫీసుకు వచ్చింది. నేను సీట్లో లేను. ఫైలు పట్టుకుని పై అంతస్తుకు వెళ్లానని పక్క సీటాయన చెప్పాడు. ఎవరొచ్చినా అలా చెప్పమని నేనే చెప్పి ఉంచాను. నిజానికి ఎదురుగా పార్కులో ఉన్నాను. బెంచీ మీదే. అక్కకి ఈ సంగతి ఎలా తెలుసో నాకు అంతుపట్టడం లేదు. ఇంట్లో రెండు రోజులుగా మాటల్లేవు.

ఇక మీరు అడిగినది. అక్క చెప్పింది. రాయాలా వద్దా అని ఇన్నాళ్లూ ఊరుకున్నాను.

ఆసుపత్రి నుంచి తీసుకొచ్చాక ఒక సాయంత్రం అక్క పక్కన కూర్చుని ఆట చూశాను. అందరూ ఉన్నారు, బావ ఏడీ అని నేనే అడిగాను. తెర మీంచి చూపు తిప్పకుండా చెప్పింది.

"చూడాలనిపించి, చూడ్డానికి వీలు లేనివాళ్లనే ఇందులో పెట్టుకుంటానురా. ఆయన్ని చూడాలంటే తల తిప్పితే చాలు, ఆ పేపరు వెనకాల ఉంటారు. ఇక్కడ కూడానా? కాసేపు ఊపిరాడనీ."

చివరి ముక్క వదిలేద్దామనుకున్నాను. వదిలేస్తే అక్క మాటలా లేదు.

ఆదివారం వస్తాను. ఏమీ తేను. ఏమీ తీసుకెళ్లను.

మీ
బావమరిది

తా.క. టైలర్‌తో తగువులో ఎవరు నెగ్గారో కనుక్కోమంది పెద్దత్త. ఓడిపోయి ఉంటే తనకి చెప్పొద్దంది.

*

బావమరిదికి,

ఉత్తరం అందింది. ఊపిరాడనీ అన్నది ఆవిడే. అనుమానం లేదు.

వెతకడం మానేశాను. నేను ఆ ఊళ్లో లేకపోవడం సరిగ్గానే ఉంది.

నిన్న ఆవిడ కుర్చీలో కూర్చుని, ఆవిడ చెప్పిన పద్ధతిలో తల తిప్పి చూశాను. తలుపు. క్యాలెండరు. గోడ.

అందుకని ఊళ్లో ఒక ఇల్లు కట్టాను. నాకు కాదు. మూల మీది స్థలం, రెండువైపులా కిటికీలు. పేరు రాయమని ఆట అడిగింది. ఆవిడను నేనెప్పుడూ పేరు పెట్టి పిలవలేదు.

'ఏమోయ్' అని రాశాను. తీసుకుంది.

ఆదివారం భోజనానికి రా.

బావ

తా.క. ఈ ఆటలో మనుషులు ఫిర్యాదులు కూడా పంపుతారు. మీ అక్క దిగీ దిగగానే వీధి దీపం వెలగడం లేదని పంపింది. ముందు ఆ పని చూసి, తర్వాత అన్నం తింటాను.