బండి కట్టుకొని రావద్దు

విఠలూ, జహీరాబాదు దవాఖాన నుంచి మీ అమ్మ చెప్పి రాయిస్తున్న ముక్క. నా కాలు దక్కింది, ఫికర్ పడకు.

తీసెయ్యాల్సిందేనని పట్నం డాక్టరు చెప్పిన పుండు కాలిని ఫిలోమినా సిస్టరమ్మ రోజూ ఒళ్లో పెట్టుకొని చీము కడుగుతోంది. మొదటిరోజు కాలు లాక్కున్నాను. "సన్యాసం తీసుకున్నదానివి, నా కాలు నీకు తాకితే నాకు పాపం గాదా?" అని అరిచి, ఆమె భుజం తాకి కళ్లకద్దుకున్నాను. ఆమె నవ్వింది. "అట్లయితే రోజూ మొక్కుకో అవ్వా, నేను రోజూ కడుగుత" అన్నది. అట్లనే సాగుతోంది. పుండులో కొత్త కండ వస్తోంది.

ఈ కిరస్తానం సిస్టరమ్మలు నన్ను వాళ్ల మతంలో కలుపుతారని నీకు పిల్లనిచ్చిన మామ అన్నాడట, నన్ను తీసుకుపోను నువ్వు బండి కడుతున్నావట. కాలికున్న ఎల్లమ్మ దారాన్ని ఆమె కోసెయ్యలేదు. విప్పి, కడిగి, నా చేతికి కట్టింది. ఇప్పుడు మధ్యలో తీసుకుపోతే కాలు పోతుంది. అప్పుడు మీ మామ మోస్తాడా నన్ను?

జొన్నపిండి తీసుకురా, ఇక్కడి అన్నం నాకు పడదు. ఎర్రావు ఈనిందా? కోడలి దగ్గు తగ్గిందా?

బండి వద్దు, బస్సులో రా. మీ మామనూ తీసుకురా. కట్టు విప్పే వేళకు వచ్చి, ఆ వాసనలో ఆమె పక్కన జరసేపు కూర్చొని, అప్పుడు ఆ మాట ఆమె మొహం మీద అనమను. పిల్లలు చల్లగా ఉండాలి.