గొంతుకి సెలవు

మార్చి 3, మంగళవారం

ఇరవై ఒక్క రోజులు నోరు విప్పకూడదట. గుసగుసలు కూడా వద్దట, అవి ఇంకా ప్రమాదమట. గొంతు డాక్టరమ్మ లోపలికి కెమెరా పంపి స్క్రీన్ మీద చూపించింది. చిన్న బొడిపె, ఆవగింజంత. తొమ్మిదేళ్లుగా ఒకే నాటకంలో ఒకే పాట పాడుతున్న గొంతుని అది ఆపేసింది. తగ్గుతుందా అని అడగబోతే తన పెదవుల మీద వేలు పెట్టుకుంది. కాగితం మీద రాసిచ్చాను. మూడు వారాల తర్వాత చూసి చెబుతానంది. తగ్గకపోతే ఆపరేషన్. ఆ తర్వాత మాట వస్తుంది, పాట సంగతి మాత్రం హామీ ఇవ్వలేనంది.

నాకు నలభై ఎనిమిదేళ్లు. పాట తప్ప మరో పని రాదు. చాలా భయంగా ఉంది.

మార్చి 4, బుధవారం

ఎదురు చెప్పేవాళ్లు లేరని అక్క పొద్దున్నుంచి రెచ్చిపోయి మాట్లాడుతోంది.

మార్చి 6, శుక్రవారం, ఉదయం

దేవుడు నీ నోరు మూయించాడంటే దానికేదో ఉద్దేశం ఉంటుందని అక్క అంది. ఆయనకి వేరే పని లేదా అని పలక మీద రాసి చూపించాను. నవ్వలేదు. అక్క రోజుకి రెండు పూటలా ప్రార్థన చేస్తుంది. నేను పండక్కి కూడా చెయ్యను. ఒకే ఇంట్లో ఎలా నెట్టుకొస్తున్నామో మాకే తెలియదు.

విచిత్రం ఏమిటంటే, నాకు పేరు తెచ్చింది ఒక ప్రార్థన. మా సంగీత నాటకంలో నేను పడవవాడి తల్లిని. కొడుకు ఏరు దాటి వెళ్లి తిరిగిరాడు. చివర ఆమె ఒడ్డున నిలబడి, ఉంటే పలుకు అని దేవుణ్ణి నిలదీస్తుంది. ఆ పాటకి జనం ఏడుస్తారు. నేను మాత్రం పాడినంతసేపూ రెండో చరణంలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, చివరి పై స్వరం అందుతుందా, బాల్కనీ దాకా వినబడుతుందా అనే ఆలోచిస్తాను. దేవుడి ఊసే రాదు.

సాయంత్రం నా వేషం పిచ్చుక వేస్తోంది. కోరస్‌లో పాడే అమ్మాయి, బక్కగా ఉంటుందని ఆ పేరు. నా పాత్ర మొత్తం నేర్చుకుని రెండేళ్లుగా ఎదురుచూస్తోంది. పాపం, మంచి పిల్లే. అయినా ఒళ్లు మండుతోంది.

మార్చి 7, శనివారం

ఇంట్లో ఉండలేక థియేటర్‌కి పోయాను. స్పాట్ లైట్ తిప్పే ఆయనకి మణికట్టు విరిగిందట. మనిషి లేక డైరెక్టర్ గారు తల పట్టుకుని ఉన్నారు. నేను తిప్పుతానని పలక మీద రాశాను. అక్కడ నోటితో పనిలేదు, నాటకం ఎటూ కంఠతా వచ్చు. ఆయన నన్నూ పలకనూ మార్చి మార్చి చూసి సరే అన్నారు.

ఇనుప నిచ్చెన ఎక్కితే బాల్కనీ పైన ఒక గూడు. వంగి కూర్చోవాలి. లైటు పొయ్యిలా కాలుతుంది. ఇన్నేళ్లూ ఆ వేడి దగ్గర ఒక మనిషి కూర్చుని నా మొహాన్ని వెతుక్కున్నాడన్న ఆలోచనే నాకు ఎప్పుడూ రాలేదు. సిగ్గేసింది.

మార్చి 8, ఆదివారం

పిచ్చుక బాగా పాడింది. ఇలా రాయడానికి అరగంట పట్టింది.

మార్చి 13, శుక్రవారం

స్టేజీ మీద నిలబడితే ఎదురుగా ఏమీ కనబడదు. లైట్లు కళ్లల్లో కొడతాయి, అవతలంతా నల్లటి గోడ. పై నుంచి చూస్తే గోడ లేదు, మనుషులున్నారు. మూడో వరసలో ఒక నర్సు, యూనిఫాం మార్చుకునే తీరిక కూడా లేనట్టుంది, నాటకమంతా నిద్రపోయి ఈ పాటకి మాత్రం లేచి కూర్చుంది. ఇంకో వరసలో, పక్కనున్న ఖాళీ సీటు మీద కోటు పరిచి పెట్టుకున్న పెద్దాయన పల్లవిలో ప్రతి మాటకీ పెదవులు కదిపాడు. పాట మొదలవగానే నాలుగొందల మంది ఒక్క పిసరు ముందుకు వంగారు. వాళ్లు వంగినట్టు వాళ్లకే తెలియదు.

తొమ్మిదేళ్లు ఆ చీకటిలోకి ఉంటే పలుకు, ఉంటే పలుకు అని అరిచాను. వీళ్లంతా అక్కడే ఉన్నారు. పైన కూర్చుని ఏడ్చాను, చప్పుడు చెయ్యకుండా. డాక్టరమ్మ ఏడవద్దని చెప్పలేదు.

మార్చి 14, శనివారం, మాట్నీ అయ్యాక

వరసగా రాయాలి.

పాటకి ముందు వాద్యాలవాళ్లు ఒక చిన్న ముక్క వాయిస్తారు. పాడేవాళ్లు అందుకునేదాకా దాన్నే తిప్పి తిప్పి వాయించడం మా పద్ధతి. నేనెప్పుడూ రెండోసారికే అందుకుంటాను. ఇవాళ పిచ్చుక అందుకోలేదు. నాలుగుసార్లు తిరిగింది. ఐదు. ఆరు. మొదటి మాట మర్చిపోయింది. దాని మొహం నా లైటులో తెల్లగా పాలిపోయి ఉంది.

ఆ మాట నా నాలుక చివర ఉంది. పై నుంచి నేను ఎత్తుకుంటే ఆ పిల్ల బయటపడుతుంది, నా గొంతు పోతుంది. నిజం రాయాలంటే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. జనం తలలు తిప్పి నన్ను చూస్తారు. ఆ ఆశతోనే నోరు తెరిచాను. ముందుకు వంగేసరికి మోచెయ్యి తగిలి లైటు పక్కకి జారింది. స్టేజీ దాటి హాల్లో పడింది, మనుషుల మొహాల మీద.

పిచ్చుక వాళ్లని చూసింది. నిన్న పై నుంచి నేను చూసిందే ఆ పిల్ల ఇప్పుడు చూస్తోందని నాకు అర్థమైంది. లైటు వెనక్కి లాగలేదు. నోరు మూసుకున్నాను. కింద మాస్టారు, మా వాద్యాలవాళ్లని నడిపించే ముసలాయన, తల ఎత్తకుండా అదే ముక్కని అదే నిదానంతో తిప్పుతున్నారు, కావాలంటే తెల్లారేదాకా తిప్పుతానన్నట్టు. తొమ్మిదో చుట్టులో పిచ్చుక అందుకుంది. చీకట్లో నిలబడి, వెలుగులో ఉన్నవాళ్లని అడిగింది. ఆ పాటని అలా నేనెప్పుడూ పాడలేదు.

మార్చి 15, ఆదివారం

డైరెక్టర్ గారు ఉతికి ఆరేశారు. కళ్లల్లో లైటు కొట్టారని ముగ్గురు ఫిర్యాదు చేశారట. చెయ్యి జారిందని పలక మీద రాశాను. మొదట జారింది. తర్వాత నేనే ఉంచాను. అది రాయలేదు. నన్ను లైటు దగ్గర్నుంచి తీసేశారు.

మెట్ల మీద మాస్టారు కనిపించారు. తొమ్మిదిసార్లు ఎలా ఓపిక పట్టారని రాసి చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చదివి, "ఓపికేముందమ్మా, పాట ఎలాగూ ఆ పిల్ల దగ్గరే ఉంది, వచ్చేదాకా దారి తెరిచి ఉంచాలి, అంతే" అన్నారు.

ఇంటికొచ్చి అక్కకి ఆ మాట రాసి చూపించాను. ఇదే కదా నేను నీకు ఇన్నేళ్లుగా చెబుతున్నది అంది. ఎప్పుడు చెప్పిందో గుర్తులేదు. పోట్లాడలేదు.

మార్చి 16, సోమవారం

తెల్లవారుజామున అక్క ప్రార్థన చేస్తుంటే వెనక కూర్చున్నాను. ఏమీ అడగలేదు. అక్క నన్ను గమనించనట్టు నటించింది. మా ఇంట్లో ఇద్దరు నటులున్నారు.

మార్చి 24, మంగళవారం

బొడిపె కరిగింది. ఆపరేషన్ అక్కర్లేదు. పాడొచ్చట. కానీ పై స్వరాల మీద ఇక నమ్మకం లేదట, పట్టుబట్టి లాగితే ఈసారి మొత్తం పోతుందట. ఏదీ, ఒక మాట మాట్లాడండి అంది డాక్టరమ్మ. థాంక్స్ అన్నాను. ఎవరిదో గొంతులా ఉంది.

మార్చి 27, శుక్రవారం

డైరెక్టర్ గారు కూర్చోబెట్టి మాట్లాడారు. ఇకనుంచి పిచ్చుకే తల్లి, నాకు శనివారం మాట్నీ ఒక్కటే. చివరి పై స్వరం రాకపోతే అదీ ఉండదు. ఆ స్వరం కోసమే జనం వస్తారన్నారు. కావాలంటే రికార్డు చేసింది వేస్తాం, మీరు నోరు ఆడించండి చాలన్నారు. నెల కిందట ఈ మాట అని ఉంటే కుర్చీ విసిరేదాన్ని. రికార్డు వద్దని మర్యాదగా చెప్పాను. మరి ఆ స్వరం దగ్గర ఏం చేస్తారన్నారు. తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

పిచ్చుక బయట నిలబడి ఉంది, తప్పు చేసినదానిలా. నీ పాట నువ్వు పాడుకో తల్లీ అన్నాను. బాధ లేదని కాదు. ఇంటికి నడిచి వచ్చాను, దారంతా బాధగానే ఉంది.

ఏప్రిల్ 4, శనివారం, సాయంత్రం

పాడాను. ఎదురుగా నల్లటి గోడ. చివరి స్వరం దగ్గర ఆగి, దాని చోటు ఖాళీగా వదిలేశాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాలుగొందల మంది ఊపిరి వినిపించింది. చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. నాటకంలో అది లేదు.