కొయ్య తుపాకీతో పరుగు

మామా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. మీ అమ్మ రేపటి వంటకు బియ్యం చెరుగుతోంది. నేను మాత్రం పొద్దుటి నుంచీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

ఉరవకొండ స్టేషనుకు కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆయన రివాల్వరుకు తోలు ఒర కావాలని పోయిన వారం పోలీసాయన వచ్చాడు. నేనే కుడతానంటే నమ్మలేదు.

"నువ్వా అక్కా? సరే, కుట్టు. బాగలేకపోతే బళ్లారిలో కుట్టించుకుంటాం" అన్నాడు.

తోలు నానబెట్టి, నువ్వు చెక్కిన కొయ్య తుపాకీ మీద బిగించి, బొటనవేళ్లతో ఒత్తి, నీడలో ఆరబెట్టి కుట్టాను. కుట్లు నీవాటికంటే దగ్గరగా పడ్డాయి. కోప్పడకు.

ఇక మిగిలింది పరుగు. ఏ ఒర కుట్టినా నువ్వు అందులో కొయ్య తుపాకీ పెట్టి, నడుముకు కట్టుకుని వీధి చివరిదాకా పరుగెత్తేవాడివి. తుపాకీ జారిపడితే మళ్లీ తోలు తడిపేవాడివి. నేను గడపలో నిలబడి నవ్వేదాన్ని.

ఈ సాయంత్రం ఒర కోసం పోలీసాయన వస్తాడు. మధ్యాహ్నమే ఒరలో కొయ్య తుపాకీ పెట్టి, చీర మీద బెల్టు బిగించాను. మీ అమ్మ చేట కింద పెట్టింది.

"యాడికే ఆ వేషంతో? ఊరు నవ్వుతాది."

"నవ్వనీలే అత్తా. నీ కొడుకు ఉరికితే నవ్వలేదా?"

వానల్లేక వీధంతా దుమ్ము. చివరి ఇంటిదాకా పరుగెత్తి వచ్చాను. నిన్ను చూసి పడీపడీ నవ్విన వీధి, నన్ను చూసి నవ్వలేదు.

నేను నిలబడే గడపలో మీ అమ్మ నిలబడి ఉంది.

"పడిందా?"

"పడలేదత్తా."

ఒరను పట్టుకుని ఊపి చూసింది.

"వాడు ఇంగా జోరుగా ఉరికేవాడు. మళ్లా పో."

మళ్లీ పరుగెత్తాను మామా.