స్పీకరుకు ఆనించిన టేపురికార్డరు

ఆత్మకూరు,
12-3-1994.

లిదియమ్మ వదినకు మీ మరిది వందనాలు.

అన్న చివరిగా పాడిన పాట క్యాసెట్టు అడిగారు. ఉదయగిరి సువార్త సభల్లో, దగ్గరుంటే గొంతు బాగా పడుతుందని టేపురికార్డరును స్పీకరు బాక్సుకు ఆనించి పెట్టాను. అన్న గొంతెత్తిన ప్రతిచోటా పాట బరబరమని చీలిపోయింది. ఒక్క ముక్క అర్థం కాదు.

పాటకు ముందు, మైకు పక్కకు తిప్పి అన్న నాతో చెప్పిన మాట మాత్రం శుభ్రంగా ఉంది.

"ఒరే, అంత దగ్గర పెడితే గొంతు పగిలిపోతాది. ఎనక్కి తీసకపోయి తువ్వాలు కప్పురా."

నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు కూడా పడింది.

క్యాసెట్టు పంపుతున్నాను, నా దగ్గర ఉంచుకోలేను. అన్న పోయి నెలయింది. రోజూ వేస్తున్నాను. రోజూ అన్న చెబుతాడు, రోజూ నేను నవ్వుతాను.