నా వంతు వచ్చేసరికి

శనివారం, ట్రాయ్.

శైలజక్క వాళ్ళింట్లో ఇంగ్లండు సినిమా చూశాం. స్కూలు పిల్లల ప్రేమకథ, నవ్వుల సినిమా. అయిపోయాక ఎలా ఉందో ఒక్కొక్కరూ చెప్పాలి, అది వాళ్ళింటి ఆనవాయితీ. ఏడో తరగతితో చదువు ఆపేసిన నేను నోరు తెరిస్తే మా ఆయన స్నేహితుల్లో ఆయన పరువు పోతుందని నా భయం. అందుకే వెళ్ళేటప్పుడు కారులోనే ఆయన నాకొక మాట నేర్పారు. "సెకండాఫ్ కొంచెం స్లో అను, చాలు."

తీరా నా పక్కన కూర్చుని, కంగారులో ఆ మాట ఆయనే అనేశారు.

"రివ్యూల్లో కూడా అదే రాశారు, రెండున్నర స్టార్లే" అని ఆయన స్నేహితుడు కిరణ్ గారు ఫోన్ చూపించారు. అందరూ తలలూపారు.

"నువ్వు చెప్పు సుజాతా" అంది అక్క.

నాకింక చెప్పడానికేం మిగల్లేదు. "ఆ పిల్ల మొదటి ముద్దయ్యాక ఇంటికొచ్చి, ఎవరికీ చెప్పుకోలేక, నిలబడిన చోటే బ్రెడ్డంతా తినేసింది కదక్కా. అది నచ్చింది. మా పెళ్ళిచూపులయ్యాక నేనూ పళ్ళెంలో మిగిలిన బూందీ అంతా తినేశాను."

కిరణ్ గారు మా ఆయన భుజం తట్టి, "బాబాయ్, నీకు అప్పుడే ఫైవ్ స్టార్స్ పడ్డాయి" అన్నారు. అక్క కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. "నాకూ సినిమా నచ్చిందే. ఆ స్టార్లు చూసి నోరు మూసుకున్నా" అంది.

తిరిగొస్తుంటే సిగ్నల్ దగ్గర ఆయన మెల్లగా అడిగారు. "నిజంగా నన్ను చూసేనా, సుజా?"

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ తలూపాను. ఆయన దారంతా ఈల వేస్తూ నడిపారు.

పెళ్ళిచూపుల రోజు పొద్దున్నుంచీ చీర నలుగుతుందని అమ్మ నాకేమీ పెట్టలేదు. ఆ సంగతి చెప్పాలో వద్దో...