బెల్లం పోయే దారి

షిఫ్టు దిగగానే బెల్లం నమిలితే ఛాతీలోని బొగ్గు దుమ్ము జారిపోతుందని నమ్మిన తాతకు, డిగ్రీ పాసై సెల్‌ఫోన్‌లో వైద్యశాస్త్ర చరిత్ర తవ్వుతున్న మనవడు సవినయంగా విన్నవించునది.

నువ్వు పోయి ఏడాదైంది. నీ దగ్గు ఇప్పుడు అదే బొగ్గు గనిలో దిగే బాపుకు వచ్చింది. ఎక్స్‌రే తీయించుకోమంటే ఆయన కూడా బెల్లమే చూపిస్తున్నాడు. అందుకని నిన్న ఓ ఆన్‌లైన్ గ్రంథాలయంలో దొరికిన పాతకాలపు వైద్య పుస్తకం ఆయన ముందు పెట్టాను. పేజీ అంచున స్కాన్ చేసినవారి బొటనవేలు కూడా దర్శనమిచ్చింది. బొమ్మలో గొంతు దగ్గర రెండు గొట్టాలున్నాయి, ఒకటి తిండికి, ఇంకొకటి గాలికి.

బాపు ఫోన్ లాక్కున్నాడు. "గట్లయితే మా నాయిన తిన్న బెల్లమంత ఎటు వాయెరా?"

"కడుపులకే, బాపు."

"మరి దుమ్ము?"

"గది ఛాతిలనే ఉంటది."

బొమ్మలోని తిండి గొట్టం మీద వేలు పెట్టి కిందికి జరిపాడు. చివరికి మెల్లగా, "ఈ ముచ్చట మీ తాతకు చెప్పకురా" అన్నాడు.

చెప్పేశాను. క్షమించగలరు.

పొద్దున నేను అడగకముందే చొక్కా తొడుక్కుని, "నడువ్, దవాఖానకు పోదాం" అన్నాడు. ఎక్స్‌రే గదిలో ఆయన్ని ఊపిరి బిగబట్టమన్నారు.

తలుపు బయట నేనూ బిగబట్టాను, తాతా.